వీల్‌చైర్ కొనేముందే టేపు తీయండి

మా కోనసీమలో ఎవరికైనా వెన్ను విరిగిందంటే అడిగే మొదటి మాట "ఏ చెట్టు మీంచి పడ్డాడు?" అనే. మా బావ కొబ్బరి దింపుకెళ్లి పడ్డాడు, నడుం కింద స్పర్శ లేదు. కంగారులో 18 అంగుళాల సీటున్న వీల్‌చైర్ కొనేశాం. ఆయనేమో సన్నటి మనిషి, అందులో ఓ పక్కకి వాలిపోయేవాడు, మూడు వారాలకే పిర్ర మీద పుండు. నొప్పి తెలియదు కదా, చీము వాసనొచ్చేదాకా ఎవరికీ తెలియలేదు.

కాబట్టి ముందు కొలతలు. కూర్చోబెట్టి తుంటి దగ్గర బాగా వెడల్పున్న చోట కొలిచి ఓ అంగుళం కలపండి, అదే సీటు వెడల్పు. వీపు ఆనించి కూర్చున్నాక మోకాలి వెనక మడతకీ సీటు అంచుకీ మధ్య రెండు మూడు వేళ్లు దూరాలి.

కుషన్ విషయంలో పీనాసితనం వద్దు. రింగులా ఉండే గాలి ట్యూబు మంచిదని ఊరంతా చెబుతారు, వినకండి, దాని అంచు చుట్టూ నొక్కేసి రక్తం ఆడనివ్వదు. పీచు పరుపు ముక్క మరీ గట్టి. మనిషి కూర్చున్నాక కుషన్ కింద అరచెయ్యి పెట్టి చూడండి, పిర్ర ఎముక చేతికి తగిలితే అది పనికిరాదు. ఎంత మంచి కుషనైనా అరగంట దాటకుండా ముందుకి వంగి, మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, రెండు నిమిషాలు ఉండాలి. నడుం నిలవకపోతే ఎవరైనా పట్టుకోండి. పొద్దున్నా రాత్రీ పిర్రలూ మడమలూ చూడండి, ఎర్రబడి తగ్గకపోతే ఆ చోటు మీద బరువు పడనివ్వకండి.

ఇక రాంపు. వరదకి భయపడి మనం అరుగులు ఎత్తుగా కడతాం. అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు కావాలి, అంటే రెండడుగుల అరుగుకి 24, అంత వాకిలి ఎవరికుంది? మధ్యలో ఐదడుగులు చదునుగా వదిలి మలుపు తిప్పాం. "ఆరడుగులు చాలండి, బండి ఎక్కేత్తదండి" అన్నాడు మేస్త్రీ. బండి ఎక్కుద్ది, మనిషి దిగేటప్పుడు బోర్లా పడతాడు. వానలకి పాకుడు పడుతుంది, సిమెంటు తడిగా ఉండగానే చీపురుతో అడ్డంగా గీతలు గీయించండి. గడప పీకడానికి మా అత్త ఒప్పుకోలేదు, అటూ ఇటూ ఏటవాలు చెక్కలు వేశాం, పసుపు రాస్తూనే ఉంది.

వెన్నుపూసకి ఛాతీ ఎత్తునగానీ ఆ పైనగానీ దెబ్బ తగిలినవాళ్లకి హఠాత్తుగా తలనొప్పి, చెమటలు పడితే బీపీ పెరిగినట్టే అనుకోండి. కూర్చోబెట్టి, బట్టలు వదులు చేసి, యూరిన్ ట్యూబు మడతపడిందేమో చూడండి. తగ్గకపోతే వెంటనే ఆసుపత్రికి.

పరిశోధన సంగతా? మెడ దగ్గర చర్మం పైనుంచే వెన్నుకి కరెంటు పంపే ఆర్క్ ఈఎక్స్ అనే పరికరానికి 2024 డిసెంబరులో అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ ఒప్పుకుంది. పరీక్షలో 60 మంది ఉంటే 43 మందికి చేతుల బలం, పని మెరుగయ్యాయి, అదీ వ్యాయామం చేయిస్తూ వాడితేనే. అది చేతులకి, నడకకి కాదు. స్టెమ్ సెల్స్ (మూలకణాలు) ఎక్కించి నడిపిస్తాం, ఇన్ని లక్షలివ్వండి అనేవాళ్లు కూడా వస్తారు, మన దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం వెన్నుకి అది ఇంకా ప్రయోగమే, ప్రయోగంలో చేరేవాళ్ల దగ్గర డబ్బు తీసుకోకూడదు. నిజమైన ప్రయోగం వచ్చినా ఒంటి మీద మానని పుండుంటే మామూలుగా చేర్చుకోరు. బావ ఆ వీడియోలన్నీ చూస్తాడు, ఫోన్లో అలారం మోగితే మధ్యలో ఆపి వంగుతాడు.