చైనా మైనారిటీ జాతుల మీద పరిశోధన చెయ్యాలంటే

ముందు ఆ 55 మైనారిటీ జాతుల పట్టికను పక్కన పెట్టండి. ఒక లోయనో, ఒక ఊరినో ఎంచుకోండి. ఆ పట్టిక ప్రభుత్వం వేసినది. 1953 జనాభా లెక్కల్లో జనం చెప్పుకున్న జాతి పేర్లు 400 దాటితే, పరిశోధక బృందాలు ఊళ్లు తిరిగి వాటిని కుదించాయి. చివరగా 1979లో జినో అనే జాతివాళ్లు చేరారు. లుగు సరస్సు దగ్గరి మోసువోలను చూడండి: యున్నాన్ రాష్ట్రం వైపు వాళ్లు కాగితాల్లో నాషీ అనే జాతి, సిచువాన్ రాష్ట్రం వైపు చాలామంది మంగోలులు. సరస్సు మాత్రం ఒకటే.

తర్వాత భాష. జేఎన్‌యూలోనో, శాంతినికేతన్ చీనా భవన్‌లోనో మాండరిన్ గట్టిగా నేర్చుకోండి. దాంతో ఆఫీసుల్లో పని జరుగుతుంది. ఇంట్లో ముసలమ్మతో మాట్లాడాలంటే వాళ్ల భాషే రావాలి. నేను సిచువాన్‌లోని లియాంగ్‌షాన్ కొండల్లో ఉండే నోసు వాళ్లను ఎంచుకున్నాను. ప్రభుత్వం 'యీ' అనే జాతిలో కలిపిన వాళ్లలో వీళ్లూ ఉన్నారు. 1980లో ఆమోదం పొందిన వాళ్ల లిపిలో 819 అక్షరాలు. బెదిరిపోకండి, రోజూ రాస్తే వస్తుంది.

చెంగ్డూలోనో కున్‌మింగ్‌లోనో ఒక యూనివర్సిటీ అండ లేకుండా ఊళ్లోకి వెళ్లొద్దు. ఎవరింట్లోనైనా దిగితే 24 గంటల్లో పోలీసుల దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి.

నోసు ఇంట్లో మూడు రాళ్ల పొయ్యి ఉంటుంది. దాన్ని దాటకండి. ఎక్కడ కూర్చోవాలో అడిగి కూర్చోండి. మొదటి రోజే ప్రశ్నలు మొదలుపెట్టొద్దు. పెద్దవాళ్లు తండ్రి పేరు చివర కొడుకు పేరు కలుపుతూ తరాల పేర్లు గడగడా చెప్పేస్తారు. అది రాసుకుంటే ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరు ఎక్కణ్ణుంచి వచ్చారో తెలుస్తుంది. ఇక్కడ మన తెలుగువాళ్లకు ఒక కలిసొచ్చే సంగతి ఉంది: వాళ్లకూ మేనరికం ఇష్టం. మేనమామ కూతురు వరస అవుతుంది, పిన్ని కూతురు చెల్లెలే. వేరే దేశాల విద్యార్థులు బొమ్మలు గీసుకుని అర్థం చేసుకునేది మనకు చప్పున తడుతుంది. అలాగని మన పద్ధతులన్నీ అక్కడా ఉంటాయనుకోకండి, ప్రతి వరసా అడిగే రాసుకోండి.

వ్యాసాలు, ఉద్యోగాలు ఎక్కడైనా ఒకటే తంతు. నేను పట్టుబట్టేది మాత్రం అక్కడి పండితులతో కలిసి రాయడం గురించి. అమెరికన్ మానవశాస్త్రవేత్త స్టీవన్ హారెల్ 2000లో సియాటిల్ బర్క్ మ్యూజియంలో నోసు ప్రదర్శన పెట్టింది నోసు పండితులు బామో చూబుమో, మా ఎర్జీలతో కలిసే. మీ వ్యాసం ఒక్కటైనా చైనీస్‌లో వెయ్యండి, ఊళ్లో చదువుకున్న పిల్లలు తప్పులు పట్టగలగాలి. అచ్చుకిచ్చే ముందు మనుషుల పేర్లు, అవసరమైతే ఊరి పేరు కూడా మార్చండి. అసలు పేర్లున్న నోట్సును వేరే చోట దాచుకోండి.