ల్యాప్‌టాప్ పాట, హాల్లో స్పీకర్లు – పాఠం 3: తలుపు తీద్దాం, ఇంటివాళ్ళకి మాత్రమే

పోయిన పాఠంలో హాల్లో స్పీకర్లున్న పాత పీసీ ఐపీ కనుక్కుని ల్యాప్‌టాప్ నుంచి పింగ్ కొట్టి చూశాం కదా, మా ఇంట్లో అది 192.168.1.10, మీది వేరే అయితే కింద అదే పెట్టుకోండి. ఈరోజు సౌండ్ పంపిద్దాం. లినక్స్‌లో సౌండ్ నడిపే ప్రోగ్రామ్ పల్స్‌ఆడియో అయినా, కొత్తదైన పైప్‌వైర్-పల్స్ అయినా కమాండ్లు ఇవే, ఎందుకంటే పైప్‌వైర్‌కి కూడా పల్స్ భాష వచ్చు (ఫెడోరాలో అయితే 2021లో వచ్చిన 34వ వెర్షన్ నుంచి పైప్‌వైరే డిఫాల్ట్). కమాండ్లన్నీ ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టండి, పెద్దక్షరాలు కావాల్సిన చోట నేనే చెప్తా.

ముందు పాత పీసీలో ఫైర్‌వాల్ (నెట్‌వర్క్‌లోంచి ఎవర్ని రానివ్వాలో చూసే కాపలా, ఇక్కడ యూఎఫ్‌డబ్ల్యూ), ఆ తర్వాతే మాడ్యూల్ (సౌండ్ ప్రోగ్రామ్‌కి తగిలించే అదనపు ముక్క). ఈ వరస మార్చొద్దు, ఎందుకంటే మనం తెరిచే 4713 పోర్టులోంచి (పోర్టు అంటే నెట్‌వర్క్‌లో ఒక తలుపు నంబర్) పాట లోపలికి రావడమే కాదు, ఆ పీసీకి మైక్ ఉంటే ఇంట్లో మాటలు బయటినుంచి వినడం కూడా కుదురుతుంది, చాలామంది ఇది గమనించరు. అందుకే రౌటర్లో ఈ పోర్టు ఫార్వర్డ్ (అంటే ఇంటర్నెట్ వైపు తెరవడం) చేయనే చేయకండి.

సుడో యూఎఫ్‌డబ్ల్యూ అలౌ ఫ్రమ్ 192.168.1.0/24 టు ఎనీ పోర్ట్ 4713 ప్రోటో టీసీపీ

యూఎఫ్‌డబ్ల్యూ ఆన్‌లో లేకపోతే ఎనేబుల్ చేయండి, కానీ ఆ పీసీలోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరం నుంచే కమాండ్లు కొట్టే దారి) వెళ్ళి చేస్తున్నట్టయితే ముందు ఎస్‌ఎస్‌హెచ్‌కి అనుమతి ఇచ్చుకోండి, లేదంటే బయటే ఉండిపోతారు. ఇప్పుడు మాడ్యూల్:

పీఏసీటీఎల్ లోడ్-మాడ్యూల్ మాడ్యూల్-నేటివ్-ప్రోటోకాల్-టీసీపీ లిజన్=192.168.1.10 ఆథ్-అనానిమస్=1

ఒక నంబర్ వస్తుంది, రాసిపెట్టుకోండి, పీఏసీటీఎల్ అన్‌లోడ్-మాడ్యూల్ అని కొట్టి ఆ నంబర్ ఇస్తే తలుపు మూసుకుంటుంది.

ఇక ల్యాప్‌టాప్‌లో. మొత్తం సౌండ్ ఒకేసారి మళ్ళించకుండా ముందు ఒక్క ఫైల్‌తో చూడండి, పల్స్_సర్వర్ మాత్రం పెద్దక్షరాల్లో:

పల్స్_సర్వర్=192.168.1.10 పీఏప్లే పాట.వావ్

హాల్లో మోగిందా? అయితే టన్నెల్ వేద్దాం, అంటే హాల్ స్పీకర్లు ల్యాప్‌టాప్‌లో ఒక సౌండ్ అవుట్‌పుట్‌లా కనిపించేలా చేద్దాం:

పీఏసీటీఎల్ లోడ్-మాడ్యూల్ మాడ్యూల్-టన్నెల్-సింక్ సర్వర్=టీసీపీ:192.168.1.10

పావుకంట్రోల్ (ఏ సౌండ్ ఎటు వెళ్ళాలో ఎంచుకునే యాప్) తెరిచి ప్లేబ్యాక్‌లో బ్రౌజర్ పక్కన ఆ టన్నెల్ ఎంచుకుంటే చాలు, మిగతావి ల్యాప్‌టాప్‌లోనే మోగుతాయి.

పాట తెగితెగి వస్తే నెట్ ప్లాన్‌ని అనుమానించకండి, ఇదంతా ఇంట్లోపలి ట్రాఫిక్కే, 48000 హెర్ట్జ్, 16 బిట్, స్టీరియో అయితే సెకనుకి దాదాపు 1.5 మెగాబిట్లే. ఎక్కువసార్లు తేడా వైఫైలో ప్యాకెట్లు ఒకసారి ఆలస్యంగా, ఒకసారి గుంపుగా రావడం వల్లే, పాత పీసీకి ల్యాన్ కేబుల్ పెట్టి మళ్ళీ వినండి.

రీస్టార్ట్ చేస్తే రెండు మాడ్యూళ్ళూ పోతాయి, కంగారు పడొద్దు, వాటిని ఫైల్లో రాసి పర్మనెంట్ చేయడం పాఠం 4లో.