కారు స్టార్ట్ కాకపోతే కరెంటు లోపం ఎక్కడుందో పట్టుకోవడం ఎలా?

కారు స్టార్ట్ కాలేదంటే చాలు, బ్యాటరీ పోయిందని తేల్చేసి కొత్తది వేయించుకుంటారు. వారం తిరక్కుండానే మళ్లీ అదే గోల. తీసి పారేసిన పాత బ్యాటరీ నిక్షేపంగా ఉండి, ఎర్త్ కేబుల్ (బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజనుకు, బాడీకి వెళ్లే కేబుల్) చివర తుప్పు పట్టి ఉన్న బండ్లు ఎన్నో చూశాను. వేల రూపాయలు పోశాక కూడా రోగం అలాగే ఉందంటే, పరీక్ష చేయాల్సిన చోట చేయకపోవడమే కారణం.

కావాల్సినవి పెద్దగా ఏం లేవు. మామూలు డిజిటల్ మల్టీమీటర్, 10 నంబరు స్పానర్, ఉప్పు కాగితం, తాళం తిప్పడానికి ఇంకో మనిషి. టెస్ట్ ల్యాంప్ ఉంటే మంచిదే గానీ, అది కరెంటు ఉందో లేదో చెబుతుంది తప్ప ఎంత ఉందో చెప్పదు. కాబట్టి మీటరే వాడాలి. ఇదంతా పెట్రోలు, డీజిల్ బండ్ల సంగతి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుళ్ల జోలికి అస్సలు వెళ్లకండి.

ముందు చెవిన పడేది

హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ (ఇంజనును మొదట తిప్పే స్టార్టర్ మోటారు) కొట్టండి. టకటకమని వరసగా కొట్టుకుంటూ లైట్లు ఆరిపోయేలా తగ్గిపోతే, బ్యాటరీ డౌన్ అయి ఉండాలి, లేదా ఎక్కడో కనెక్షన్ వదులై ఉండాలి. ఒక్కసారి 'టక్' మని ఆగిపోతే సొలనాయిడ్ (సెల్ఫ్‌కు కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్చు) లాగింది గానీ మోటారు తిరగలేదన్నమాట. ఏ శబ్దమూ లేకుండా లైట్లు నిండుగా వెలుగుతుంటే, సెల్ఫ్ దాకా ఆర్డరే వెళ్లట్లేదు. సెల్ఫ్ జోరుగా తిరుగుతూ ఇంజను అందుకోకపోతే అది వేరే కథ: డ్యాష్‌బోర్డు మీద తాళం గుర్తు (తాళాన్ని బండి గుర్తుపట్టలేదనడానికి సూచన) మినుకుమంటోందా, తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింద పెట్రోలు పంపు రెండు సెకన్లు సన్నగా మోగుతోందా చూడండి.

బ్యాటరీ

మీటర్‌ను డీసీ 20 మీద పెట్టి బ్యాటరీ రెండు పోల్స్ (ప్లస్, మైనస్ మొనలు) మధ్య చూడండి. బండి కొన్ని గంటలు ఆగి ఉంటే 12.6 వోల్టులు రావాలి. 12.2 అంటే సుమారు సగం చార్జి. 12 కన్నా తక్కువైతే ముందు చార్జి పెట్టించండి, ఆ తర్వాతే మిగతా పరీక్షలు. 12.6 చూసి సంబరపడొద్దు. ముసలి బ్యాటరీ కూడా ఏ పనీ చెప్పకుండా ఉంచితే ఆ అంకె చూపిస్తుంది. సెల్ఫ్ కొడుతుండగా చూడాలి. అప్పుడు 9.6 కన్నా కిందికి పడిపోతే బ్యాటరీ మీద అనుమానం సబబే. అలాంటప్పుడు కూడా షాపువాళ్ల చేత లోడ్ టెస్టు (బ్యాటరీ నుంచి ఎక్కువ కరెంటు లాగిస్తూ చేసే పరీక్ష) చేయించకుండా కొత్తది కొనకండి, ఎందుకంటే జామ్ అయిన సెల్ఫ్ మంచి బ్యాటరీని కూడా అలాగే లాగేస్తుంది.

అసలు పని: కేబుళ్లు

తొందరపడకూడని చోటు ఇదే. చాలామంది మీటర్‌ను ఓమ్స్ మీద పెట్టి, కేబుల్ రెండు చివరలా ముట్టించి, బీప్ వినపడగానే కేబుల్ బాగుందని తేల్చేస్తారు. అది తప్పు. సెల్ఫ్ తిరిగేటప్పుడు వంద, నూటయాభై ఆంపియర్లు లాగుతుంది, డీజిల్ బండైతే ఇంకా ఎక్కువ. కేబుల్లో 0.01 ఓమ్ అడ్డు ఉందనుకోండి, మామూలు మీటర్‌కు అది కనపడదు. కానీ 150 ఆంపియర్ల దగ్గర అదే 1.5 వోల్టులు మింగేస్తుంది. లోపల తీగలన్నీ తెగి ఒక్క పోగు మిగిలినా మీటర్ బీప్ కొడుతుంది, ఆ ఒక్క పోగు మీద సెల్ఫ్ మాత్రం తిరగదు. అందుకే కరెంటు పారుతుండగా ఎంత వోల్టేజీ పోతోందో కొలవాలి.

బండి న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉండాలి. ఇంజను స్టార్ట్ అయ్యే అవకాశం ఉంటే పెట్రోలు పంపు రిలే (ఫ్యూజు బాక్సులో ఉండే చిన్న స్విచ్చు డబ్బా) పీకేయండి. పైపుల్లో మిగిలిన ప్రెషర్‌తో మొదటిసారి అందుకోవచ్చు, అది ఆగిపోయాకే పరీక్ష మొదలుపెట్టండి. బెల్టుల దగ్గర చేతులు, వైర్లు, చున్నీలు ఉండకూడదు. సెల్ఫ్ అయిదు సెకన్లకు మించి కొట్టొద్దు, మధ్యలో దాన్ని చల్లారనివ్వండి. సెల్ఫ్ లాగే కరెంటు కొలుద్దామని మీటర్ 10 ఆంపియర్ల సాకెట్‌లో వైరు గుచ్చి బ్యాటరీకి పెట్టారంటే మీటర్ పోతుంది, వేళ్లూ కాలతాయి.

ఎప్పుడైనా ఎర్త్ వైపే మొదలుపెట్టాలి. మీటర్ ప్రోబు (వైరు చివరి సూది) ఒకటి బ్యాటరీ నెగటివ్ పోల్ మీద పెట్టండి, క్లాంపు మీద కాదు, నడిమధ్యన ఉండే సీసపు మొన మీద. రెండోది ఇంజను బ్లాకు మీద, పెయింటూ ఆయిలూ లేని ఇనుము మీద. ఇప్పుడు తాళం తిప్పమనండి. 0.2 వోల్టుల లోపు వస్తే ఎర్త్ బాగున్నట్టు. అర వోల్టు, ఒక వోల్టు వస్తోందంటే దొంగ దొరికినట్టే. బ్లాకు మీది ప్రోబు కదపకుండా, పోల్ మీది ప్రోబును ముందు క్లాంపు మీదికి, తర్వాత కేబుల్ చివరి లగ్ (బోల్టుతో బిగించే రింగు) మీదికి జరుపుతూ పోండి. ఏ మెట్టు దాటగానే అంకె పడిపోతుందో ఆ మెట్టులోనే లోపం.

పాజిటివ్ వైపూ ఇంతే: పాజిటివ్ పోల్ నుంచి సెల్ఫ్ మీది లావు బోల్టు దాకా, మొత్తం 0.5 దాటకూడదు. సెల్ఫ్ చాలా బండ్లలో అడుగున ఉంటుంది. ఒట్టి జాకీ మీద లేపి కిందికి దూరకండి. చేయి అందకపోతే ఈ వైపు మెకానిక్‌కి వదిలేయండి.

ఇప్పుడు అందరూ పప్పులో కాలేసే చోటు. సెల్ఫ్ కరెంటే లాగకపోతే కుళ్లిన కేబుల్ మీద కూడా మీటర్ సున్నా చూపిస్తుంది. ఆ సున్నా చూసి కేబుల్ బాగుందనుకుంటే మొదటికే మోసం. కాబట్టి అదే సెల్ఫ్ కొడుతూ బ్యాటరీ వోల్టేజీ కూడా చూడండి. 12.6 నుంచి పదిన్నరకో పదకొండుకో దిగిందంటే కరెంటు పారుతోంది, మీ కొలతను నమ్మొచ్చు. 12.6 దగ్గరే నిలబడిందంటే ఆ సున్నాకు విలువ లేదు.

అనుమానం తీరకపోతే మందమైన జంపర్ కేబుల్ ఒకటి తీసుకుని, బ్యాటరీ నెగటివ్ నుంచి నేరుగా ఇంజను బ్లాకుకు తగిలించండి. సెల్ఫ్ గిర్రున తిరిగిందంటే పాత ఎర్త్ పట్టీదే పాపం. బోల్టు విప్పి చూస్తే పైకి మెరుస్తున్న లగ్ కింద గోధుమరంగు తుప్పు పొర ఉంటుంది. ప్లాస్టిక్ తొడుగు కాస్త వెనక్కి ఒలిస్తే రాగి తీగలు నల్లబడి, పచ్చటి పొడి రాలుతుంది. కోస్తా ఊళ్లలో ఉప్పుగాలికి ఇది మామూలే.

శుభ్రం చేసేటప్పుడు నెగటివ్ ముందు విప్పాలి, ఆఖరున బిగించాలి. లేకపోతే పాజిటివ్ విప్పుతున్న స్పానర్ బాడీకి తగిలి నిప్పులు రాలతాయి. తినే సోడా కలిపిన నీళ్లతో కడిగి, ఆరాక ఉప్పు కాగితంతో రుద్ది, బిగించిన తర్వాత పైన వాజలీన్ రాయండి. గ్రీజు వద్దు. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేయడం అసలే వద్దు.

శబ్దమే రాకపోతే

క్లచ్ పూర్తిగా తొక్కారా, ఆటోమేటిక్ అయితే పీ లేదా ఎన్‌లో ఉందా చూడండి. తర్వాత ఫ్యూజు, రిలే. సెల్ఫ్ రిలే లాంటిదే పక్కన హారన్‌కు ఉంటే, రెండింటి నంబరూ ఒకటేనని చూసుకుని మార్చి పెట్టండి. ఇంకా రాకపోతే సొలనాయిడ్ సన్న వైరు మీద, తాళం తిప్పి ఉంచగా 12 వోల్టుల దరిదాపుల్లో వస్తోందో లేదో కొలవండి. అక్కడ వోల్టేజీ ఉండి, కేబుళ్లు బాగుండి, సెల్ఫ్ కదలకపోతే సెల్ఫే విప్పాలి. వోల్టేజీ లేకపోతే ఆ వైరు వెంటే వెనక్కి పోండి. బండి చాలా రోజులు కదల్లేదంటే ఎలుకలు కొరికిన చోటు ముందు వెతకండి.

సెల్ఫ్ మీద వీల్ స్పానర్‌తో రెండు దెబ్బలు కొట్టి స్టార్ట్ చేసేవాళ్లున్నారు. కార్బన్ బ్రష్‌లు అరిగితే ఆ దెబ్బకు ఒకసారి తిరుగుతుంది, నిజమే. ఇంటికి చేరడానికి తప్ప దాన్ని నమ్ముకోవద్దు.

స్టార్ట్ అయ్యాక

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. కొన్ని కొత్త బండ్లు కంప్యూటర్ చెప్పినట్టు కాసేపు తగ్గించుకుంటాయి, అందుకని హెడ్‌లైట్లు, ఏసీ వేసి మళ్లీ చూడండి. అప్పుడూ 13 దాటకపోతే ఆల్టర్నేటర్ (ఇంజను నడుస్తుండగా బ్యాటరీని చార్జి చేసేది), దాని బెల్టు చూపించుకోండి. అక్కడా అంతా సరిగ్గా ఉండి, పొద్దున్నకల్లా బ్యాటరీ దిగిపోతుంటే బండి లాక్ చేసి అరగంట ఆగాక ఎంత కరెంటు లాగుతోందో కొలిపించాలి. 50 మిల్లీ ఆంపియర్లు దాటితే, బయట బిగించిన మ్యూజిక్ సిస్టమ్, డ్యాష్‌క్యామ్ వైర్ల దగ్గర్నుంచి వెతకడం మొదలుపెట్టమనండి.