మైక్‌సెట్టుకైనా టేప్‌డెక్కుకైనా: ఏ ఆప్‌ఆంప్ ఎక్కడ వేయాలి

విశాఖ స్టీల్ ప్లాంట్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ డ్యూటీ దిగాక కూర్మన్నపాలెంలో మా ఇంటి వరండాలో ఆడియో రిపేర్లు చేస్తుంటాను. మార్గశిరం దగ్గరపడితే చాలు, కనకమహాలక్ష్మి అమ్మవారి ఉత్సవాలకి సిద్ధం చేయమని మైక్‌సెట్ల వాళ్లు మిక్సర్లు, ఆంప్లిఫయర్లు తెచ్చి పడేస్తారు. "మేస్టారూ, ఖర్చు చూడకండి, మంచి ఐసీ వేసేయండి" అన్నది అందరి మాట. వాళ్లు ఐసీ అనేది ఆప్‌ఆంప్‌ని, అంటే చిన్న సిగ్నల్‌ని పెంచే చిప్పుని. అన్నిచోట్లా మంచిదయ్యే ఐసీ మాత్రం లేదు. దాని ఇన్‌పుట్ దగ్గరున్న రెసిస్టర్ల విలువ, దానికొచ్చే సప్లై చూస్తే ఏది వేయాలో చాలావరకు తేలిపోతుంది.

అసలు పోయింది ఐసీయేనా అన్నది ముందు చూడండి. ఎనిమిది కాళ్ల డ్యూయల్ ఆప్‌ఆంప్ (ఒకే ఐసీలో రెండు) ఏదైనా 8వ పిన్నుకి ప్లస్, 4వ పిన్నుకి మైనస్. అవుట్‌పుట్లు 1, 7. రెండు సప్లైల బోర్డులో 1, 7 పిన్నుల మీద డీసీ సున్నాకి దగ్గరగా ఉండాలి. కారు స్టీరియోల్లోలా ఒకే 12 వోల్టులైతే సగం, అంటే 6 వోల్టులు ఉండాలి. ఇన్‌పుట్లైన 2, 3 పిన్నుల మధ్య తేడా దాదాపు లేకుండా ఉంటే ఐసీలో 1వ పిన్ను వైపు ఆప్‌ఆంప్ బాగానే ఉన్నట్టు. 7వ పిన్ను వైపుకి అలాగే 5, 6. అవుట్‌పుట్ వెళ్లి సప్లైకి అతుక్కుపోయి, ఇన్‌పుట్ల మధ్య ఒక వోల్టు తేడా దాన్ని రెండో వైపుకి లాగుతున్నా కదలకపోతే అప్పుడు ఐసీ మీద చెయ్యి వేయండి.

మన ఊళ్లో ఇంకో సంగతి ఉంది. ఉప్పుగాలికి ఐసీ బేస్ (ఐసీని గుచ్చే సాకెట్) కాళ్లు చిలుము పడతాయి. బీచ్ రోడ్డు వైపు నుంచి, జాలరిపేట నుంచి వచ్చే సెట్లలో ఒక ఛానల్ వచ్చీపోయీ ఉంటే నేను మొదట ఐసీని బేస్‌లోంచి ఊడదీసి, కాళ్లు గీకి మళ్లీ నొక్కుతాను. దాంతోనే బాగైపోయేవి బోలెడు. అలాంటి చోట కొత్త బేస్ వేసేటప్పుడు రేకు కాళ్లది వద్దు, గుండ్రటి పిన్నులది వేయండి. లేదంటే బేస్ లేకుండా నేరుగా సోల్డర్ చేసేయండి.

ఇప్పుడు ఎంపిక. ఇన్‌పుట్ పిన్ను నుంచి గ్రౌండుకి ఉన్న రెసిస్టర్ చదవండి, అక్కడే అసలు కథ ఉంది. ఒక మిక్సర్ నా దగ్గరికి వచ్చినప్పుడు ప్రతి ఫేడరూ (సౌండు పెంచడానికి జరిపే కంట్రోల్) గరగరలాడుతోంది. ఎక్కడో టీఎల్072లు తీయించి ఎన్‌ఈ5532లు వేయించుకొచ్చాడు ఆ సెట్టు ఓనరు. 5532 మంచి ఐసీ, అనుమానం లేదు. కానీ దాని ఇన్‌పుట్‌లో ఉన్నవి బైపోలార్ ట్రాన్సిస్టర్లు, వాటికి మామూలుగా 200 నానోఆంపియర్ల బయాస్ కరెంట్, అంటే పనిచేయడానికి ఇన్‌పుట్ లాగే డీసీ కరెంట్, కావాలి. ఆ బోర్డులో ఫేడర్ నడుమకాలు నేరుగా ఐసీ ఇన్‌పుట్‌కి వెళ్తోంది. అంటే ఆ కరెంట్ ఫేడర్ గుండానే పారాలి. కదిపినప్పుడల్లా డీసీ మారుతుంది, అదే గరగర. 220కె (2,20,000 ఓమ్ల) రెసిస్టర్ ఉన్నచోటైతే అదే కరెంట్‌కి 44 మిల్లీవోల్టుల డీసీ లేస్తుంది. టీఎల్072 ఇన్‌పుట్‌లో జేఫెట్ ఉంటుంది, అది లాగేది పికోఆంపియర్లలో, కాబట్టి ఈ గొడవే ఉండదు. 072లు మళ్లీ పెట్టేశాక ఫేడర్లు మౌనం వహించాయి. 5532లే ఉంచాలనుకుంటే నడుమకాలుకీ ఐసీకీ మధ్య ఒక కపాసిటర్, దాని తర్వాత ఇన్‌పుట్ నుంచి గ్రౌండుకి ఒక రెసిస్టర్ వేయాలి.

ఇక నాయిస్, అంటే ఐసీ తనంతట తాను చేసే సుయ్యిమనే హిస్. డేటాషీట్లో రూట్ హెర్ట్జ్‌కి ఇన్ని నానోవోల్టులు అని ఇస్తారు, ఎంత తక్కువైతే అంత నయం. టీఎల్072కి 18, ఓపీఏ2134కి 8, 5532కి 5, ఎల్ఎం4562కి 2.7. చివరిదాన్ని చూసి నోరూరిపోకండి. ఉత్త 1కె రెసిస్టరే 4 నానోవోల్టుల నాయిస్ చేస్తుంది, 100కె అయితే 40. టోన్ కంట్రోల్లో 100కె పాట్లు (తిప్పే రెసిస్టర్లు) పెట్టుకుని 4562 కొనడం బూడిదలో పోసిన పన్నీరే. డైనమిక్ మైక్ లాంటి 200 ఓమ్ల సోర్సుకైతే 5532 వేస్తే హిస్ తగ్గడం చెవికి తెలుస్తుంది. టర్న్‌టేబుల్ ఎంఎం (మూవింగ్ మాగ్నెట్) కార్ట్రిడ్జికి కూడా 5532 చాలు. వీణకో వయొలిన్‌కో అంటించే పీజో పికప్ అయితే మాత్రం ఇన్‌పుట్ దగ్గర చాలా పెద్ద రెసిస్టర్ కావాలి కాబట్టి జేఫెట్ తప్పదు. 072 హిస్ నచ్చకపోతే ఓపీఏ2134. ఎల్ఎం358 ఆడియోకి వద్దు, సున్నా దాటే దగ్గర క్రాసోవర్ డిస్టార్షన్ ఇస్తుంది.

స్లూ రేట్ గురించి, అంటే అవుట్‌పుట్ వోల్టేజీ ఎంత వేగంగా మారగలదన్నదాని గురించి, అంత టెన్షన్ అక్కర్లేదు. 20 కిలోహెర్ట్జ్ దగ్గర 10 వోల్టుల పీక్ కావాలన్నా మైక్రోసెకండ్‌కి 1.26 వోల్టులు చాలు. 741కి 0.5 మాత్రమే, అందుకే పాత బోర్డుల్లో దాన్ని తీసేయడం మంచిదే. 072కి 13, 5532కి 9. అక్కడినుంచి పైకి వెళ్లినా వినేవాడికి తేడా తెలియదని నా నమ్మకం.

సప్లై దగ్గర మాత్రం కక్కుర్తి పడొద్దు. 072 ఒక్కోటి సుమారు 2.8 మిల్లీఆంపియర్లు తాగుతుంది, 5532 సుమారు 8. మైక్‌సెట్ ఆంప్లిఫయర్లో 30 వోల్టుల లైన్ నుంచి 470 ఓమ్ల డ్రాపర్ (వోల్టేజీ తగ్గించే రెసిస్టర్), జీనర్ (వోల్టేజీని నిలబెట్టే డయోడ్) పెట్టి ప్రీఆంప్‌కి 15 వోల్టులు ఇచ్చారనుకోండి. ఆరు 072లు లాగే కరెంట్‌కి డ్రాపర్ మీద 8 వోల్టులే పడతాయి, మిగతాది జీనర్ చూసుకుంటుంది. ఆరూ 5532లైతే 22 వోల్టులు పోవాలి, మిగిలేది 8 దాటదు, జీనర్ ఉన్నా లేనట్టే. 9 వోల్టుల బ్యాటరీతో నడిచే గిటార్ పెడల్‌లోనూ 5532 వేయకండి. దానికి కనీసం 10 వోల్టులు ఇవ్వాలని టీఐ కంపెనీ డేటాషీట్ చెబుతుంది.

వేగమైన ఐసీ పాత బోర్డులో ఆసిలేట్ అవ్వచ్చు, అంటే సిగ్నల్ లేకపోయినా తనంతట తానే ఊగిపోవచ్చు. 4, 8 పిన్నుల మధ్య, కాళ్లకి ఆనుకునేలా 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ వేయండి. వేశాక ఐసీ చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే అనుమానించండి. సింగిల్ ఎన్‌ఈ5534ని గెయిన్ (సిగ్నల్‌ని ఎన్నింతలు పెంచుతుందన్నది) 3 కన్నా తక్కువలో వాడితే 5, 8 పిన్నుల మధ్య 22 పికోఫారడ్ తప్పనిసరి. 741 స్థానంలో పెడుతుంటే 1, 5 పిన్నులకి వెళ్లే ఆఫ్‌సెట్ ప్రీసెట్ (అవుట్‌పుట్ డీసీని సున్నా చేసే చిన్న తిప్పుడు రెసిస్టర్) తీసేయండి, 5వ పిన్ను పని ఇందులో వేరు.

కొన్నాక వెంటనే బోర్డులో పెట్టకండి, నకిలీలు ఉన్నాయి. అక్షరాలు గీకేసి కొత్త నంబరు అచ్చేసినవి చూడగానే తెలియవు. ±12 వోల్టుల మీద ఒక ఖాళీ బేస్ పెట్టుకుని 1ని 2కి, 7ని 6కి కలిపి, 3, 5 గ్రౌండ్ చేసి, ప్లస్ లైన్లో మీటరు పెట్టి కరెంట్ చూడండి. 5532 అయినా ఓపీఏ2134 అయినా 8 మిల్లీఆంపియర్ల ప్రాంతంలో చూపాలి. 3 దగ్గరే ఆగిపోతే లోపల ఉన్నది 4558 లాంటిదేదో. తిరిగి ఇచ్చేయడానికి బిల్లు దాచుకోండి.