బ్యాంకాక్ పక్కనే అయుత్థయ, రెండు రోజులు చాలు

బ్యాంకాక్ వెళ్లి మాల్స్ చూసి తిరిగొచ్చేసే బదులు రెండు రోజులు థాయ్‌లాండ్ పాత రాజధాని అయుత్థయకి కేటాయించండి, ఆ పేరు మన అయోధ్య నుంచి వచ్చిందే. దూరం దాదాపు 80 కిలోమీటర్లు. ఏసీ లేని మామూలు రైలెక్కి కిటికీ పక్కన కూర్చోండి, ఆ మజాయే వేరు. స్టేషన్ నదికి ఇవతల, పాత నగరం అవతల, కాబట్టి పడవలో దాటేసి సైకిల్ అద్దెకు తీసుకోండి.

పొద్దున్నే వాట్ మహాథాట్‌కి (వాట్ అంటే బౌద్ధ ఆలయం) వెళ్తే, 1767లో బర్మా సైన్యం నగరాన్ని నాశనం చేశాక మిగిలిన శిథిలాల మధ్య చెట్టు వేళ్లలో చిక్కుకున్న బుద్ధుడి తల కనిపిస్తుంది. ఫొటో దిగాలంటే ఆ తల కన్నా కిందికి ఉండేలా కూర్చోవాలి, నిలబడితే మర్యాద కాదు. మధ్యాహ్నం ఎండ మన విజయవాడ ఎండే, రూమ్‌లో పడుకోండి. సాయంత్రం వాట్ చైవత్తనారాం, నది ఒడ్డున.