పంప్ దిగాక రక్తం ఊరుతూనే ఉంటే: ముందు టెంపరేచర్ చూడండి

సమస్య: గుండె ఆపరేషన్ అయింది, పంప్ (గుండె, ఊపిరితిత్తుల పని చేసే మెషిన్) ఆపి దిగారు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన హెపారిన్‌కు విరుగుడుగా ప్రోటమిన్ ఇచ్చారు. ఏసీటీ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం) మొదటి విలువకు వచ్చేసింది. అయినా ఎముక అంచుల్లో, కుట్లు పడిన ప్రతి చోటా పలచగా రక్తం ఊరుతూనే ఉంది. ఛాతీలో రక్తపు గడ్డ అన్నదే కనిపించదు. ఒకే చోటి నుంచి చిమ్ముతుంటే అది సర్జన్ చూసుకోవాల్సిన కుట్టు, దాని సంగతి వేరు.

ఇలా ఊరగానే ప్లేట్‌లెట్ల కోసం బ్లడ్ బ్యాంకుకు ఫోన్ చేస్తారు. ఎదురుగా ఉన్న మానిటర్ మాత్రం ఎవరికీ పట్టదు! చూసినా, ముక్కులోని టెంపరేచర్ ప్రోబ్ 36.8 డిగ్రీల సెల్సియస్ చూపిస్తోంది కదా అని వదిలేస్తారు. బ్లాడర్ (మూత్రాశయం) ప్రోబ్ చూడండి. అక్కడ 34 ఉంటే కాళ్లూ కండరాలూ ఇంకా చల్లగానే ఉన్నాయి, కాసేపట్లో ఆ చల్లదనం ముక్కు ప్రోబ్‌నూ కిందికి లాగుతుంది.

కారణం: 37 నుంచి 33 దాకా దెబ్బ ముఖ్యంగా ప్లేట్‌లెట్లకే. కౌంట్ బాగానే ఉంటుంది, కానీ తెగిన చోట సరిగా అతుక్కోవు. 33 కిందికి వెళ్తే గడ్డకట్టించే ఎంజైములూ మందగిస్తాయి.

అసలు మోసం చేసేది ల్యాబ్ రిపోర్టు. రక్తం గడ్డకట్టే తీరు చూసే పీటీ, ఏపీటీటీ పరీక్షల మెషిన్ శాంపిల్‌ను 37కి వేడి చేశాకే పరీక్ష మొదలుపెడుతుంది. రోగి 33లో చల్లబడి ఉన్నా అతని రక్తం 37లో కూర్చుని పరీక్ష రాస్తుంది, పాసవుతుంది. "నార్మల్ సార్" అని ఫోన్‌లో వినగానే అందరూ వేరే కారణాల వేటలో పడతారు. టీఈజీ (గడ్డ ఎలా కడుతోందో గ్రాఫ్‌గా చూపే పరీక్ష) కూడా మామూలుగా 37లోనే నడుస్తుంది. టెంపరేచర్ మార్చే వీలున్న మెషిన్ అయితే రోగి టెంపరేచర్‌కు సెట్ చేసి ఇంకోటి వేయండి, తేడా బయటపడుతుంది.

పరిష్కారం: పంప్ మీద ఉన్నప్పుడే నిదానంగా వేడెక్కించాలి. ఆక్సిజనేటర్ (పంప్‌లో రక్తానికి ఆక్సిజన్ ఎక్కించే భాగం) నుంచి రోగికి వెళ్లే రక్తం 37 దాటకూడదు, దాటితే మెదడుకు ముప్పు. ముక్కు ప్రోబ్‌ ఒక్కదాన్నే నమ్మి పంప్ దిగకండి. దిగాక వేడి గాలి దుప్పటి వేయండి, ఏసీ చల్లదనం తగ్గించండి, ఫ్రిజ్ లోంచి తీసిన రక్తాన్ని వార్మర్ ద్వారానే ఎక్కించండి. రక్తంలో అయనైజ్డ్ కాల్షియం (స్వేచ్ఛగా ఉండే కాల్షియం), పీహెచ్ (ఆమ్లత) కూడా ఒకసారి చూడండి.

విరుగుడు ఇచ్చాక కూడా హెపారిన్ రక్తంలో మళ్లీ తేలడం ఉంది, కానీ అది ఎక్కువగా ఐసీయూలో. పుట్టుకతో వచ్చే ఫ్యాక్టర్ (గడ్డకట్టించే ప్రొటీన్) లోపాలు చాలా అరుదు, చివర్లో ఆలోచించొచ్చు.

బ్లాడర్ 36 దాటినా ఊరడం ఆగకపోతే అప్పుడు ప్లేట్‌లెట్లు అడగండి. పంప్ కూడా వాటిని పాడుచేస్తుంది కాబట్టి అవసరం నిజంగానే ఉండొచ్చు. ల్యాబ్‌కు పంపే ఫారం మీద రోగి టెంపరేచర్ రాయండి.