ఇంగ్లిష్ నేర్చుకుందాం – 12వ పాఠం: కలిపే మాటలు (రెండో భాగం)

పోయిన పాఠంలో అండ్, బట్, ఆర్, సో చూశాం. వాటితో పెద్ద చిక్కేమీ లేదు. ఇవాళ బికాజ్, ఆల్దో, ఇఫ్, అన్‌లెస్. మనవాళ్ళు ఎక్కువగా తడబడేది వీటి దగ్గరే కాబట్టి నిదానంగా వెళ్దాం.

ముందు తెలుగు చూడండి. ‘వాన పడింది కాబట్టి రాలేదు.’ ‘వాన పడినా వచ్చాను.’ ‘వాన పడితే రాను.’ మూడింటిలోనూ కలిపే ముక్క వాన సంగతి చెప్పేశాక, దాని చివర వచ్చింది. ఇంగ్లిష్‌లో అది ముందే వచ్చేస్తుంది:

బికాజ్ ఇట్ రెయిన్డ్, ఐ డిడ్ నాట్ కమ్.
ఆల్దో ఇట్ రెయిన్డ్, ఐ కేమ్.
ఇఫ్ ఇట్ రెయిన్స్, ఐ విల్ నాట్ కమ్.

వాన సంగతిని వెనక్కి జరపాలంటే బికాజ్‌తో సహా జరపండి: ‘ఐ డిడ్ నాట్ కమ్ బికాజ్ ఇట్ రెయిన్డ్.’ ఇక్కడ కామా అక్కర్లేదు. మూడో వాక్యంలో ‘ఇఫ్ ఇట్ విల్ రెయిన్’ అనలేదు, గమనించారా? రేపటి వానైనా సరే, ఇలాంటి షరతులో ఇఫ్ తర్వాత రెయిన్స్ చాలు.

ఇప్పుడు అసలు తప్పు. ‘ఆల్దో హి ఈజ్ పూర్, బట్ హి ఈజ్ ఆనెస్ట్.’ ఇది పరీక్ష పేపర్లలోనూ, ఆఫీసు మెయిల్స్‌లోనూ కనిపిస్తూనే ఉంటుంది. రెండు వాక్యాల్ని కలపడానికి ఒక్క మాట చాలు. ఆల్దో ఉంచితే బట్ తీసేయండి, బట్ కావాలంటే ఆల్దో తీసేయండి. తెలుగులో మాత్రం ‘పేదవాడైనా, కానీ నిజాయితీపరుడు’ అంటామా? అనం. బికాజ్ పెట్టి మళ్ళీ సో పెట్టడమూ ఇలాంటి తప్పే.

అన్‌లెస్‌తో ఇంకో తిప్పలు. మన మనసులో ‘చదవకపోతే’ అని ఉంటుంది, అందుకే ‘అన్‌లెస్ యు డోంట్ స్టడీ’ అని వచ్చేస్తుంది. కానీ ‘కాదు’ అనే అర్థం అన్‌లెస్‌లోనే ఉంది. ‘చదివితే తప్ప పాస్ కావు’ అనుకుని మొదలుపెట్టండి. ‘అన్‌లెస్ యు స్టడీ, యు విల్ నాట్ పాస్’ అని దానంతటదే సరిగ్గా వస్తుంది. ఈ ఒక్క వాక్యాన్నీ గట్టిగా నాలుగైదుసార్లు పైకి చదవండి. జాబితాలు బట్టీ పట్టడం కన్నా అదే మేలు.

అభ్యాసం: వీటిని ఇంగ్లిష్‌లో రాయండి. మూడోది అన్‌లెస్‌తోనే రాయాలి.

1. జ్వరం వచ్చినా ఆమె ఆఫీసుకి వెళ్ళింది.
2. బస్సు ఆలస్యమైంది కాబట్టి నేను ఆటోలో వచ్చాను.
3. నువ్వు పిలిస్తే తప్ప వాడు రాడు.

జవాబులు వచ్చే పాఠంలో. ఐదర్–ఆర్, నైదర్–నార్ జంటలు కూడా అప్పుడే.